గది ఒకటి, పుస్తకాలు ఐదు

యాభై దాటినవాళ్ళు నలుగురు పెళ్ళిపందిట్లో ఒకచోట చేరితే, భోజనాల పిలుపు వచ్చేలోపు మాట ఎలాగోలా చిన్నప్పటి బడి మీదికి వెళ్తుంది. "మా ఊళ్ళో ఒకే గది, ఒకే మేష్టారు. ఐదు తరగతులూ ఆయనే చెప్పేవారు. అయినా మాకొచ్చిన ఎక్కాలు ఇప్పుడు ఇంజనీరింగు చదివేవాళ్ళకు రావు" అంటారు ఒకరు. మిగతావాళ్ళు తలూపుతారు. నేనూ చాలాసార్లు ఊపాను. మర్నాడు పేపర్లో ‘ఏకోపాధ్యాయ పాఠశాలల దుస్థితి’ అనే వార్త చదివి అయ్యో అనుకున్నదీ నేనే. రెండూ ఒకే రకం బడి గురించి అంటున్న మాటలేనని చాలాకాలం తట్టలేదు.

ఒకరోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. నేను ఒకటో తరగతిలో చేరింది 1976లో. ప్రకాశం జిల్లా మెట్టలో ఒక చిన్న ఊరు. బడి పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, మళ్ళీ రెండింటి నుంచి నాలుగున్నర దాకా. మొత్తం 330 నిమిషాలు. ప్రార్థన, హాజరు, ఒంటేలు బెల్లు, గోధుమ నూక ఉప్మా కోసం వరుసలో నిలబడ్డం, ఇవన్నీ తీసేస్తే 250 మిగులుతాయి. దాన్ని ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి 50 నిమిషాలు. ఆ యాభైలోనే తెలుగు, లెక్కలు, సైన్సు, సాంఘికం.

అంటే రోజుకు 200 నిమిషాల పాటు మాకు మేష్టారు లేరు. గదిలోనే ఉన్నారు గానీ మా దగ్గర లేరు. పెళ్ళిళ్ళలో మనం చెప్పుకునేది ఆ 50 నిమిషాల మేష్టారి గురించి. మిగతా 200 నిమిషాల్లో మేమేం చేశాం, మాకు చదువెలా వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది తేల్చుకుంటే తప్ప ఈ బడి మంచిదో చెడ్డదో చెప్పలేం. చిన్న బడులను, తరగతులను పక్కబడుల్లో కలిపే విలీనం మీద ఇప్పుడు జరుగుతున్న గొడవ కూడా అర్థం కాదు.

ముందు మాటల చిక్కు ఒకటి విప్పాలి. ఒకే గది బడి వేరు, ఒకే టీచరున్న బడి వేరు, ఒకే టీచరు రెండు మూడు తరగతులను ఒకేసారి చూసుకోవడం వేరు. మా బడిలో మూడూ కలిసే ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తుంది. ఇప్పుడు నాలుగు గదులు, టైల్స్ నేల, గోడల మీద బొమ్మలు, గదికో ఫ్యాను ఉండి, టీచరు మాత్రం ఒక్కరే ఉన్న బడులు ఎన్నో. గది సమస్య చాలావరకు తీరింది. తీరనిది ఆ మూడోది. ఐదు రకాల పుస్తకాలు, ఒక మనిషి.

మా గది ఇరవై అడుగుల పొడవు ఉంటుందేమో. బంగాళా పెంకుల కప్పు. నాపరాళ్ళ నేల. ఉత్తరపు గోడకు నల్లగా పూసిన చదరమే బోర్డు. రెండు నెలలకోసారి పెద్దపిల్లలు దొండాకు పసరు, బొగ్గుపొడి కలిపి దానికి పూసేవారు. ఆ రోజు గదంతా పచ్చివాసన. బోర్డును ముగ్గుపిండితో గీతలు గీసి మూడు భాగాలు చేసేవారు మేష్టారు. ఒకటో తరగతికి బోర్డు లేదు, బయట వేపచెట్టు కింద ఇసుక ఉంది. రెండోవాళ్ళు కిటికీ పక్కన. మూడు, నాలుగు మధ్యలో, వీపులు ఆనించుకున్నట్టు కూచునేవి. ఐదో తరగతి మేష్టారి కుర్చీ పక్కన. దళితవాడ పిల్లలు ఏ తరగతివాళ్ళయినా ఆ తరగతి వరుసకు చివర, గుమ్మం వైపు. అక్కడ కూచోమని ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఇంకోచోట కూచోగా చూడనూ లేదు.

పాఠం తిరిగే క్రమం ఇలా ఉండేది. మేష్టారు మూడో తరగతికి నాలుగు లెక్కలు బోర్డు మీద రాసి, రెండోవాళ్ళకు చూచిరాత పెట్టి, నాలుగోవాళ్ళను పద్యం కంఠతా పట్టమని, ఐదో తరగతితో పుస్తకం తెరిపించేవారు. ఐదోవాళ్ళ పాఠం సగంలో ఉండగా మూడోవాళ్ళ లెక్కలు అయిపోయేవి. అప్పటినుంచి గోల. ఆయన కూచున్నచోటి నుంచే రూళ్ళకర్ర బల్ల మీద ఒకటి వేసేవారు. గోల ఆగేది, రెండు నిమిషాలు.

ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది. నేను రెండో తరగతిలో ఉండగానే నాలుగో తరగతి వేమన పద్యాలు నాకు వచ్చేశాయి. ఎవరూ నేర్పలేదు, చెవిన పడ్డాయి. నాలుగో తరగతికి వెళ్ళాక వాటి అర్థం చెబుతుంటే, ఓహో ఇదా సంగతి అనిపించింది. వెనకబడినవాడికి ఇంకో రకం లాభం. మూడో తరగతిలో తీసివేత రానివాడు, నాలుగులో కూచుని కూడా మూడోవాళ్ళకు చెప్పే తీసివేత మళ్ళీ వినొచ్చు. సిగ్గుపడనక్కర్లేదు, ముఖం ఇటు పెట్టి చెవి అటు పెడితే చాలు. ఒక్కో తరగతికి ఒక్కో గది ఉన్న బడిలో ఈ వెసులుబాటు ఉండదు. ఏడాది దాటితే ఆ పాఠం గోడ అవతల ఉండిపోతుంది.

నష్టమూ అక్కడే ఉంది. నాలుగోవాళ్ళు "పదమూడొకట్ల పదమూడు" అని ఒక్క గొంతుతో ఎత్తుకుంటే పక్కన రెండో తరగతి పిల్లాడు పలక మీద యాభై రెండులోంచి ఇరవై ఏడు తీయాలి. వాడు రాసేది ఇరవై ఐదు కాదు, చెవిలో మోగుతున్న ముప్ఫై తొమ్మిది. నేనలా రాశాను. దెబ్బ కూడా తిన్నాను. ఈ బడుల్లో కంఠతా చదువు అంతగా పెరగడానికి కారణం మేష్టర్ల ఛాందసం ఒక్కటే కాదనుకుంటాను. మేష్టారు ఇటు తిరిగి ఉన్నప్పుడు అటు నలభైమంది పని చేస్తున్నారో లేదో తెలియడానికి వాళ్ళ గొంతు వినబడ్డం ఒక్కటే ఆధారం. మనసులో చదువుకునేవాడు ఆయన లెక్కలో ఖాళీగా ఉన్నవాడే. పైకి అరిచి చదివే చదువు ఆ గది కనిపెట్టుకున్న హాజరు పట్టీ.

ఇక ఒకటో తరగతి. మేష్టారు వేపచెట్టు దగ్గరికి వచ్చేది రోజుకు ఒకసారి, అదీ సాయంత్రం ఎండ తగ్గాక. మిగతా పూటంతా మమ్మల్ని చూసింది ఐదో తరగతి అమ్మాయి. పేరు ఇక్కడ వద్దు, మేమంతా అక్కా అనేవాళ్ళం. ఇసుక పరిచి, చూపుడువేలితో ‘అ’ గీసి, నా పిడికిలి తన పిడికిట్లో పెట్టుకుని అదే గాడిలో పదిసార్లు తిప్పించేది. గుంట ఓనమాలంటే అదే. ‘ఋ’ దగ్గర నా వేలు ఎప్పుడూ దారి తప్పేది. "వంకీ మర్చిపోయావురా" అని మళ్ళీ మొదటినుంచి తిప్పించేది. తన పుస్తకం పక్కన మూసే ఉండేది. నాకు అక్షరాలు నేర్పింది మేష్టారు కాదు, ఈ అక్క. ఈ మాట చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే బడి రికార్డుల్లో గానీ మా మాటల్లో గానీ ఆమె ఎక్కడా లేదు.

ఇది మా ఊరి ఏర్పాటే అనుకునేవాణ్ణి. కాదు, రెండు వందల ఏళ్ళ కిందటి కాగితాల్లోనే ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో, ఎవరు చదువుతున్నారో రాసి పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు వాటిల్లో బాగా వివరంగా ఉంటుంది. ఆయన తెలుగుకు వ్యాకరణం రాసినవాడు, కాబట్టి బడిలో ఏం వినబడుతోందో తెలిసిన మనిషి. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం వైపు చాలా భాగం, ఆదోని, ఆలూరు కలిసి ఉండేవి. ఆయన లెక్కలో మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. 226 తెలుగు బడులు. సగటున బడికి పన్నెండు పదమూడు మంది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది.

ఆ బడి పొద్దున ఆరింటికే తెరుస్తారు. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న. అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కడినుంచి ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఎక్కువ. బద్ధకించినవాడి చేతులు రెండూ కట్టి కప్పుకు వేలాడదీస్తారని కూడా రాశాడు. మన పెద్దవాళ్ళు కోదండం అనేవారే, అదే. మా కాలానికి కోదండం పోయి గోడకుర్చీ, గుంజీలు మిగిలాయి.

నాకు ముఖ్యంగా తోచినవి ఆ నివేదికలో రెండు ఉన్నాయి. ఒకటి, కింది వరుస పిల్లలను పైవరుస పిల్లలకు అప్పగించి, అయ్యవారు పెద్దవాళ్ళకు చెబుతూ బడి మొత్తం మీద ఓ కన్నేసి ఉంచేవాడట. చెప్పే పిల్లవాడికి తన చదువు గట్టిపడుతుందని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండులో దాన్ని అనుకరించడం సబబేనని కూడా అన్నాడు. అప్పటికే అక్కడ అనుకరించారు. మద్రాసు ఎగ్మూరులో అనాథ శరణాలయం నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టాడు. పెద్దపిల్లలతో చిన్నవాళ్ళకు చెప్పించాడు. 1797లో లండన్లో దాని మీద పుస్తకం వేస్తే అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. మా వేపచెట్టు కింద అక్క చేసిన పని సముద్రం దాటి పేరు తెచ్చుకుంది గానీ, మన ప్రభుత్వ రికార్డుల్లో ఎప్పుడూ చోటు దక్కించుకోలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ బడిలో మామూలుగా నాలుగు వరుసలు ఉంటాయి, పిల్లవాడు తన శక్తిని బట్టి, వచ్చిన చదువును బట్టి ఒకదానినుంచి ఇంకోదానికి వెళ్తాడు అంటాడు కాంప్‌బెల్. ఏడాది తిరిగిందని కాదు. ఒకడు ఆరునెలల్లో దాటొచ్చు, ఇంకొకడికి రెండేళ్ళు పట్టొచ్చు. పంటకోతలకు వెళ్ళి నెలన్నర తర్వాత తిరిగొచ్చినవాడు ఎక్కడ ఆగాడో అక్కడే కూచుంటాడు. ఇలాంటి బడికి ఒక గది, ఒక అయ్యవారు సరిపోవడంలో వింత లేదు. తెలంగాణలో ఊరివాళ్ళే సారును పెట్టుకుని నడుపుకున్న ఖానిగీ బడులకూ ఇది సరిపోయింది.

అలాగని ఆ వీధిబడిని నెత్తికెత్తుకోనక్కర్లేదు. పుస్తకాలు పద్యాల్లో ఉంటాయని, ఆ భాష మాట్లాడే భాష కాదని, పిల్లలు వాటిని చిలకల్లా ఒప్పజెబుతారే తప్ప ముక్క అర్థం కాదని కాంప్‌బెలే రాశాడు. అరవైమంది ఆడపిల్లల సంగతి ముందే చెప్పాను.

చిక్కు తర్వాత మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఫలానా తరగతికి ఫలానా పాఠం రావాలి, ఇంతమంది పాసైతే ఇంత డబ్బు. దాంతో చదువు ఏటేటా ఎక్కాల్సిన మెట్లుగా మారింది. ఒక్కో మెట్టుకు ఒక్కో పుస్తకం, ఒక పరీక్ష. ఈ ఏర్పాటు పెద్ద ఊళ్ళలో, మెట్టుకొక టీచరున్నచోట బాగానే కుదురుతుంది. పల్లెలో పుస్తకాలు ఐదయ్యాయి, గది ఒకటే ఉంది, మనిషీ ఒకడే ఉన్నాడు. ఇద్దరికి చాలని దుప్పటి ఐదుగురి మీద కప్పినట్టు. స్వాతంత్ర్యం వచ్చాక పంచాయతీ సమితులు వచ్చాయి, ఎనభైల్లో మండలాలు వచ్చాయి, మా బడి సమితి బడి నుంచి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. ఈ పొంతన లేకపోవడం మాత్రం మారలేదు. ట్రైనింగులో మేష్టర్లకు నేర్పింది ఒక గదిలో ఒక తరగతికి పాఠం చెప్పడం. ఉద్యోగం ఇచ్చింది ఐదు తరగతులున్న గదిలో.

మరి మాకు చదువెలా వచ్చింది అని అడుగుతారు పెళ్ళిపందిట్లో. అడుగుతున్నవాళ్ళెవరో చూడండి. ఐదు దాటి హైస్కూలుకు వెళ్ళినవాళ్ళు, ఉద్యోగాలు చేసినవాళ్ళు, కారులో పెళ్ళికి వచ్చినవాళ్ళు. నాతోపాటు ఇసుకలో కూచున్న ఇరవైమందికి పైగా పిల్లల్లో ఐదో తరగతి పరీక్ష రాసింది తొమ్మిదిమంది. మిగతావాళ్ళు గేదెల వెంట, పొగాకు బ్యారన్ల దగ్గరికి, చెల్లెళ్ళను ఎత్తుకోవడానికి వెళ్ళారు. వాళ్ళకు ఈ బడి గురించి తీపి కథలేమీ లేవు, ఉన్నా వాళ్ళను ఎవరూ అడగలేదు. 1981 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చినవాళ్ళు మొత్తం జనంలో 30 శాతం లోపే. నేను ఐదు పూర్తిచేసిన ఏడాది అది. బడి దాటినవాళ్ళ జ్ఞాపకాలతో బడికి మార్కులు వేస్తే అవి ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. ‘వానాకాలం చదువు’ అనే మాట మనం ఎగతాళిగా వాడతాం. కప్పు కారితే ఇంటి బెల్లు కొట్టే బడిలో, వాన పడితే పొలం పనికి వెళ్ళాల్సిన పిల్లాడికి అది ఎగతాళి కాదు, హాజరు.

ఆ తొమ్మిదిమందిలో హైస్కూలుకు వెళ్ళింది ఆరుగురు, అందరం మగపిల్లలం. హైస్కూలు ఐదు కిలోమీటర్లు. మాకు ఓనమాలు దిద్దించిన అక్క అంతకు నాలుగేళ్ళ ముందే ఆగిపోయింది. ఐదో తరగతి ఏడాదంతా తను చదవాల్సిన పూటలు మాకిచ్చింది. చెప్పేవాడికి చదువు గట్టిపడుతుందన్న కాంప్‌బెల్ మాట నిజమే. కానీ ‘అ ఆ’లు గట్టిపడితే ఐదో తరగతి భిన్నాలు రావు. పెద్దపిల్లలతో చెప్పించడంలోని మంచినీ, పెద్దపిల్లల కాలాన్ని జీతం లేని టీచరుగా వాడుకోవడంలోని అన్యాయాన్నీ వేరుచేసి చూడాలి. రోజుకు అరగంట అయితే మొదటిది, పూటంతా అయితే రెండోది.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం తెచ్చింది. 1987లో మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికి ఏ కాలంలోనైనా పనికొచ్చే రెండు గదులు, కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే వాళ్ళలో ఒకరు మహిళ, నల్లబల్లలు, మ్యాపులు, ఆటవస్తువులు, సైన్సు కిట్టు. కాగితం మీద ఇంత సూటిగా ఉన్న పథకాలు తక్కువ. మా బడికి రెండో గది వచ్చింది, కొన్నాళ్ళకు రెండో టీచరూ వచ్చింది. మా చిన్న తమ్ముడు ఆ రోజుల్లో అక్కడే చదివాడు. ఒక పెద్ద ఇనప్పెట్టె కూడా వచ్చిందని, అందులో గ్లోబు, మద్దెల, భూతద్దం ఉన్నాయని, ఏడాదికోసారి తనిఖీకి తెరిచి దుమ్ము దులిపి మళ్ళీ తాళం వేసేవారని చెబుతాడు. మేష్టారి భయం మేష్టారిది. గ్లోబు పగిలితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. పగలని గ్లోబు వల్ల ఎవరికీ భూగోళం రాకపోతే అడిగేవాళ్ళు లేరు.

రెండో టీచరు రావడం చిన్న విషయం కాదు. నా లెక్క ప్రకారం 50 నిమిషాలు 100కు దగ్గరవుతాయి. ఒకరు సెలవు పెట్టినా బడి మూతపడదు. అయినా ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు అంటే ఒకరికి రెండు, ఇంకొకరికి మూడు. మొదటి చిక్కు అలాగే ఉంది, కొంచెం వదులయింది అంతే.

ఆ ముడిని అసలైన చోట పట్టుకున్న ప్రయత్నం మన నేల మీదే జరిగింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరున్న చిన్న బడులు పెట్టి ఒక పద్ధతి తయారుచేశారు. వాళ్ళు తరగతి పుస్తకాన్ని పక్కనపెట్టి పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు. మొదట పరిచయం చేసేది, తర్వాత సాధన చేయించేది, వచ్చిందో లేదో చూసేది. గోడ మీద నిచ్చెన పటం. పిల్లవాడు తను ఎక్కడున్నాడో పటంలో చూసుకుని, గుర్తును బట్టి కార్డు తీసుకుని, ఆ పనికి తగ్గ గుంపులో కూచుంటాడు. టీచరు సాయం పూర్తిగా కావాల్సినవాళ్ళు ఒకచోట, కొంచెం చాలేవాళ్ళు ఒకచోట, తోటిపిల్లలతో చేసుకునేవాళ్ళు, సొంతంగా చేసుకునేవాళ్ళు వేరేచోట్ల. గదిని తరగతుల వారీగా కాకుండా అవసరం వారీగా విభజించారన్నమాట. పది రోజులు వేరుశనక్కాయలు పీకడానికి వెళ్ళి వచ్చిన పిల్లాడు ఆగిన మెట్టు దగ్గరే ఎక్కుతాడు.

కాంప్‌బెల్ చూసిన బడిలో శక్తిని బట్టి జరిగే వరుస తిరిగి వచ్చింది, ఈసారి చిలక చదువు లేకుండా. ఈ పద్ధతి మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో 1995లో ‘నలి కలి’గా మొదలై కర్ణాటక అంతటికీ వెళ్ళింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తమిళనాడు అంతటికీ వెళ్ళింది. పుట్టిన చోట మాత్రం పక్క మండలంలోనే దీని గురించి తెలియని టీచర్లు కనబడతారు. ఇంట్లో చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. దీనికీ లోపాలు లేకపోలేదు. కార్డులు చిరిగిపోతే మళ్ళీ ఇచ్చేవాళ్ళుండాలి, టీచరుకు గట్టి శిక్షణ కావాలి. అయినా సగం పని కార్డులు చేస్తాయి కాబట్టి, ఆ 200 నిమిషాలకు ఒక రూపం వచ్చింది.

ఇప్పటి గొడవకు వద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఉంటే ఇద్దరు టీచర్లుండాలి. నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలి. రెండూ న్యాయమైనవే. కానీ చిన్న ఊళ్ళలో ఈ రెండూ ఒకదానితో ఒకటి తగాదా పడతాయి. నలభై ఇళ్ళ పల్లెలో బడి ఉంచితే పదిమంది పిల్లలుంటారు. ఆ పదిమందిలో నలుగురిని ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి పసుపుపచ్చ బస్సు తీసుకెళ్తుంది. మిగిలిన ఆరుగురికి ఇద్దరు టీచర్లా అని ఖజానా అడుగుతుంది. ఒక్కరినే ఉంచితే చట్టం ఒప్పుకోదు. బడి ఎత్తేస్తే రోడ్డు దాటి, వాగు దాటి ఆరేళ్ళ పిల్ల నడవాలి. ఆ పిల్ల దళితవాడ పిల్ల గానీ గిరిజన గూడెం పిల్ల గానీ అయ్యే అవకాశమే ఎక్కువ.

కేంద్ర విద్యాశాఖ దేశంలోని బడులన్నిటి నుంచీ సేకరించే యూడైస్ లెక్కల్లో 2024-25లో దేశం మొత్తం మీద ఒకే టీచరున్న బడులు 1,04,125. వాటిలో 33,76,769 మంది పిల్లలు. అంటే బడికి సగటున ముప్ఫై ఇద్దరు. ఇలాంటి బడులు అందరికన్నా ఎక్కువున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 12,912. పెళ్ళిపందిట్లో మనం పాతకథగా చెప్పుకుంటున్నది పాతది కాదు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117 తెచ్చి, చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళలో కలిపింది. వాళ్ళకు సబ్జెక్టుకొక టీచరు దొరుకుతారన్నది వాదన. వినడానికి బాగుంది, కొందరికి మేలూ జరిగింది. ఊళ్ళో మిగిలింది ఒకటి, రెండు తరగతులు, చాలాచోట్ల ఒక్క టీచరు. విమర్శలన్నీ దూరం గురించి, పోస్టుల గురించి వచ్చాయి. నాకు తోచిన నష్టం ఇంకొకటి. ఒకే టీచరున్న బడి ఏదో ఒక మేరకు నడిచిందంటే పెద్దపిల్లల వల్ల, పై తరగతి పాఠం చెవిన పడ్డం వల్ల. ఆ రెండింటినీ తీసేసి, టీచరును ఒక్కరినీ ఉంచారు. ఐదారేళ్ళ పిల్లలకు చెప్పడానికి ఏడేళ్ళ పిల్లలు తప్ప ఎవరూ లేరు. బండి లాగుతున్న ఎద్దును విప్పేసి, బరువు తగ్గింది కదా అన్నట్టుంది. ఆ జీవోను 2025లో రద్దు చేశారు. కొన్నిచోట్ల తరగతికొక టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టారు. అలా కాని చిన్న ఊళ్ళలో ఒక్క టీచరు బడులు అలాగే ఉన్నాయి.

మొన్న దసరా సెలవులకు ముందు ఊరు వెళ్ళినప్పుడు బడికి వెళ్ళాను. మా పెంకుల గది కూలిపోయింది, స్లాబు గదులు రెండు. టీచరమ్మ ఒక్కరే. నేను వెళ్ళేసరికి వరండాలో ఫోను ఎత్తి పట్టుకుని సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతున్నారు. హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు ఎక్కాలట. "పొద్దున అరగంట దీనికే సరిపోతుందండీ, ఎక్కేదాకా టెన్షనే" అన్నారు. నా పాత లెక్కలో ఉప్మా వరుస ఉన్నచోట ఇప్పుడిది ఉంది.

లోపల పిల్లలు పదిహేనుమంది. ఈ ఏడాది మూడో తరగతి వాళ్ళు హైస్కూలు నుంచి వెనక్కి వచ్చారట, ఐదుగురు. కిటికీ పక్కన ఒక అమ్మాయి, రెండు జడలు, పలక ఒళ్ళో పెట్టుకుని ఒక బుడ్డోడి పిడికిలి పట్టుకుని ఏదో దిద్దిస్తోంది. వంగి చూశాను. ‘ఋ’.

"వీళ్ళొచ్చాక కొంచెం ఊపిరాడుతోందండీ" అన్నారు టీచరమ్మ. మళ్ళీ వెంటనే, "పిల్లలతో పాఠం చెప్పిస్తున్నారని ఎక్కడా రాయకండి సార్, మళ్ళీ నాకే మాటొస్తుంది" అన్నారు. ఏ ఊరో రాయనని మాటిచ్చాను.